డోర్నకల్ ఆలయం, బిషప్ అజరయ్య గారి జీవితం



పోయిన నెల నాదెండ్ల మండలంలోని ఒక గ్రామం నుండి నలుగురు సంఘ పెద్దలు మమ్మల్ని చూడవచ్చారు. ఒకరి చేతిలో రసీదు పుస్తకం, మరొకరి చేతిలో ఇంజనీరు గీసి ఇచ్చిన ప్లాను. కొత్త ఆలయం కట్టదలచామని, దూరప్రాంతాల్లో ఉన్న విశ్వాసుల కంటబడేలా పత్రికలో ఒక విజ్ఞప్తి వేయమని అడిగారు. ప్లాను బాగానే ఉంది. రెండు అంతస్తులు, ముందు ఎత్తయిన శిఖరం, లోపల పాలరాయి. ఆ సంఘంలో ఉన్నవి యాభై కుటుంబాలు. మిరప కోతలకు, పత్తి తీతలకు కూలికి వెళ్లి బ్రతికేవారే ఎక్కువ. మొత్తం ఖర్చు ఎంతో తడుముకోకుండా చెప్పారు. అందులో సంఘం తన చేతి నుండి పెట్టుకునేది ఎంత అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మాటల మధ్య మరో సంగతి బయటపడింది. అదే ఊళ్లో, నడిచి వెళ్తే ఐదు నిమిషాల దూరంలో, అవతలి పల్లెలో ఇప్పటికే ఒక ఆలయం ఉంది. ఆదివారం సగం ఖాళీగానే ఉంటుంది. అయినా వీరు అక్కడికి వెళ్లరు, వారు ఇక్కడికి రారు. ఎందుకని మేము అడగలేదు. పల్నాడులో పుట్టి పెరిగినవారికి ఆ జవాబు ఒకరు చెప్పనక్కరలేదు.

విజ్ఞప్తి వేస్తామనీ చెప్పలేదు, వేయమనీ చెప్పలేదు. కొంత గడువు అడిగాము. ఆ రోజుల్లో మా మనసులో మెదిలినవి డోర్నకల్ ఆలయమూ, దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య గారూ. అందుకే ఈ వారం సంపాదకీయం ఆయన జీవితానికి ఇస్తున్నాము. ఆయన పేరు వినని తెలుగు క్రైస్తవుడు తక్కువ. అయితే పేరు తెలిసినంతగా బ్రతుకు తెలిసినవారు ఎక్కువమంది లేరు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు పుట్టుకతో తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై అనే చిన్న పల్లెలో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు హిందూ కుటుంబం నుండి క్రీస్తును నమ్మి, ఆంగ్లికన్ సంఘంలో గ్రామ గురువుగా పనిచేశారు. తల్లి ఎలెన్ గారు. మగబిడ్డ కోసం ఏళ్ల తరబడి ప్రార్థించి కన్న కొడుకు గనుక హన్నా కుమారుని పేరే పెట్టుకున్నారు. వారు నాడార్ కులస్థులు. ఒకప్పుడు ఆ కులంవారికి గుడి ప్రవేశం ఉండేది కాదు, తాటిచెట్లెక్కే కులమని చిన్నచూపు ఉండేది. కులం మనిషిని ఏమి చేస్తుందో అజరయ్య గారు పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు.

తండ్రి 1889లో ప్రభువునొద్దకు వెళ్లారు. తల్లి కట్టుదిట్టంగా పెంచి, చదివించి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి పంపారు. చివరి పరీక్షల వేళ జబ్బుపడి లెక్కల పరీక్ష రాయలేకపోయారు. పట్టా చేతికి రాలేదు. ఆయన మళ్లీ రాయలేదు కూడా. 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి, 1909 వరకు దక్షిణాదిలో ఊరూరా యువకుల మధ్య తిరిగారు. అమెరికా నుండి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ గారితో స్నేహం కుదిరింది ఆ రోజుల్లోనే. తెల్లవాడు, నల్లవాడు అన్న తేడా లేకుండా ఇద్దరూ ఒకే బల్లమీద తిని, ఒకే గదిలో మోకరించేవారు. ఆ స్నేహం ఆయనకు జీవితాంతం ఒక కొలతబద్దగా నిలిచింది.

1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహమైంది. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన మొదటితరం వారిలో ఆమె ఒకరు. అజరయ్య గారు కట్నం తీసుకోలేదు. నూట ఇరవై ఏళ్లకు పైబడిన ఈ సంగతిని ఇవాళ మన పెళ్లి ప్రసంగాల్లో చెప్పుకుంటూనే, బేరాలు వేరే గదిలో జరుపుకుంటున్నాము.

1902లో ఆయన యాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు విదేశీ సొమ్ము కోసం చూడకుండా తమ డబ్బుతో తామే సువార్తికులను పంపుకోవడం చూశారు. తిరునెల్వేలిలో అంతకంటే పెద్ద సంఘం ఉండి కూడా ఆ పని చేయడం లేదని సిగ్గుపడ్డారు. 1903 ఫిబ్రవరిలో పాలయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు భారతీయులు, డబ్బు భారతీయులది, నడిపేది భారతీయులు. ఇదే దాని నియమం. పల్లె విశ్వాసులు అణా, రెండణాలు ఇచ్చి సభ్యులయ్యారు. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ గారి జ్ఞాపకాలున్న గ్రంథాలయంలో, దేశమంతటికీ చెందిన నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దానికీ అజరయ్య గారు ముఖ్య కారకులు.

తిరునెల్వేలి సొసైటీ తన మొదటి పొలంగా ఎన్నుకున్నది నైజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. ఇవాళ అది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా. విజయవాడ నుండి కాజీపేట వెళ్లే రైలెక్కితే ఖమ్మం దాటాక వచ్చే జంక్షను. తమిళ యువకులు భాష రాని ఆ చోటికి వెళ్లి పనిచేశారు. ఇతరులను పంపి తాను మద్రాసులో ఉండిపోవడం అజరయ్య గారికి మింగుడుపడలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, డీకనుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి సంవత్సరం, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన చేసిన ప్రసంగం చాలామందిని నొప్పించింది. మిషనరీలు చేసిన త్యాగాలకు భారత సంఘం కృతజ్ఞతతో ఉందని చెబుతూనే, త్యాగం చేసినవారు స్నేహం మాత్రం చేయలేదని, తమతో ఏళ్ల తరబడి పనిచేసిన భారతీయుణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టడానికి కూడా వెనుకాడుతున్నారని నిలదీశారు. సభలో కొందరికి కోపం వచ్చింది. అయితే ఆయన అడిగినది డబ్బు కాదు, అధికారం కాదు, స్నేహం. ఆ ప్రశ్నను ఆయన తెల్లవారిని మాత్రమే అడిగి ఊరుకోలేదు. తరువాతి ముప్పై అయిదేళ్లూ తెలుగు పల్లెల్లో మనల్నీ అదే అడిగారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. ఒక నల్ల బిషప్ కింద ఇంగ్లీషువారు పనిచేయరని అభ్యంతరం చెప్పిన మిషనరీలు ఉన్నారు. మన నాడార్ కులస్థుడికి అంత పదవా అని గొణిగిన భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. రెండు వైపుల మాటలూ భరించి డోర్నకల్ తిరిగి వచ్చారు.

బిషప్ అంటే కథీడ్రల్ ఉండాలి. డోర్నకల్‌లో కథీడ్రల్ లేదు. కట్టడానికి ఇంగ్లండు నుండి నిధులు తెప్పించుకోవడం ఆయనకు అసాధ్యమేమీ కాదు. మహాసభల్లో మాట్లాడినవారు, ఆర్చిబిషప్పులకు తెలిసినవారు, 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చినవారు. అయినా ఆలయ ప్రతిష్ఠ జరిగింది 1939లో. అంటే ఇరవై ఆరేళ్ల తరువాత. ఆ ఇరవై ఆరేళ్లు ఆయన ఏమి చేశారో తెలిస్తేనే ఆ గోడల విలువ తెలుస్తుంది.

మొదట మనుషులను కట్టారు. బడులు పెట్టారు. పల్లె ఉపదేశకులకు, వారి భార్యలకు కలిపి తర్ఫీదు ఇచ్చారు. తెలుగు గురువుల కోసం డోర్నకల్‌లో వేదాంత పాఠశాల నడిపారు. స్త్రీల మధ్య పరిచర్యను అన్బు గారు భుజాన వేసుకున్నారు. బిషప్ గారు ఎద్దుబండిమీద, సైకిలుమీద ఊళ్లు తిరిగారు. బాప్తిస్మం పొందేవారు తమ తలమీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని కొరింథీ సంఘానికి పౌలు రాసిన భావాన్ని తమ నోట పలికేలా చేశారు. అక్షరం రాని కూలీ కూడా సాక్షియే అన్నది ఆయన పట్టుదల. మాలలు, మాదిగలు వేలాదిగా వచ్చారు. వారి మార్పు చూసి తరువాతి కాలంలో ఇతర కులాలవారూ వచ్చారు. 1920 తరువాత కృష్ణా జిల్లా వైపున్న సి.ఎం.ఎస్. సంఘాలు కూడా ఆయన పరిధిలోకి చేరాయి. ఆయన చివరి ఏళ్లకు డోర్నకల్ అధ్యక్ష మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

తరువాత ఇవ్వడం నేర్పారు. పేదవాడు ఇవ్వలేడు అన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. ఆ మాట పేదవాణ్ణి ఇంకా తక్కువ చేస్తుందని ఆయన నమ్మకం. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడల్లా గృహిణి ఒక పిడికెడు బియ్యం దేవునికని వేరే కుండలో వేయాలి. పంట పండుగనాడు ధాన్యం, కోళ్లు, మేకపిల్లలు, గుమ్మడికాయలు మోసుకొచ్చేవారు. రోజు కూలి కొన్ని అణాలున్న రోజులవి. క్రైస్తవుడు ఇవ్వవలసిన విధానం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. మాసిదోనియ సంఘాలవారు నిరుపేదలై ఉండి కూడా శక్తికి మించి ఇచ్చారని పౌలు సాక్ష్యమిచ్చాడు కదా, డోర్నకల్ పల్లెలు ఆ అధ్యాయానికి తెలుగులో ఒక ఉదాహరణ అయ్యాయి.

ఇక్కడ మా స్వంత అనుభవం ఒకటి ఒప్పుకోవాలి. సెమినరీ నుండి వచ్చిన కొత్తలో మేము కాపరులుగా ఉన్న ఒక పల్లెలో, దూరదేశంలోని ఒక దాత ఇచ్చిన సొమ్ముతో అయిదు నెలల్లో ఆలయం లేపాము. గుమ్మం పక్కన దాత పేరుతో నల్లరాతి ఫలకం పెట్టాము. ఫోటోలు తీసి పంపాము. మూడో వానాకాలానికి స్లాబు కురిసింది. సంఘాన్ని పిలిచి చందా వేసుకుందామంటే, ఆ దొరగారికే ఉత్తరం రాయండి పాస్టరు గారూ, గుడి వారిదే కదా అన్నారు. వారిలో ఒక్కరిదీ తప్పు కాదు. మేము వారికి గుడి కట్టిచ్చాము గాని వారి చేత కట్టించలేదు. ఆ ఫలకంలో వారి పిడికెడు బియ్యానికి చోటు లేదు.

ఇలా ఒక సంఘం తన ఇంటిని తానే కట్టుకోవడం క్రైస్తవ చరిత్రలో కొత్త కాదు. ఇటలీలోని వెనిస్ నగరంలో 1478లో, తెగుళ్ల కాలంలో రోగులకు సేవ చేసిన రోకో అనే భక్తుని పేరిట ఒక సహోదర సంఘం పుట్టింది. గురువులు కాదు, ఊళ్లోని సామాన్య విశ్వాసులే సభ్యులు. చందాలు వేసుకుని రోగులను చూసేవారు, పేదలకు సాయపడేవారు, చనిపోయిన సహోదరులను గౌరవంగా సమాధి చేసేవారు. 1517లో తమ భవనానికి పని మొదలుపెట్టారు. మేస్త్రీలు ఒకరి తరువాత ఒకరు మారారు. ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. కింద ఒక పెద్ద హాలు, విశాలమైన మెట్లు, పైన ఇంకా గొప్ప హాలు, దాని పక్కన సంఘ అధికారులు కూర్చునే చిన్న గది. 1564 నుండి టింటొరెట్టో అనే చిత్రకారుడు ఇరవై ఏళ్లకు పైగా ఆ గోడలనూ పైకప్పులనూ బైబిలు చిత్రాలతో నింపాడు. తానూ ఆ సంఘంలో సభ్యుడై, ఏటా వంద బంగారు నాణేల భరణానికి ఏడాదికి మూడు చిత్రాల చొప్పున ఇస్తానని మాట ఇచ్చి పనిచేశాడు.

అయితే ఆ కథకు రెండో వైపు కూడా ఉంది. పేదల కోసం పోగుచేసిన సొమ్ము రాతి స్తంభాలకు పోతోందని 1541లోనే కరావియా అనే వెనిస్ నగర వాసి వ్యంగ్య కావ్యం రాసి ఎత్తిపొడిచాడు. కాలం గడిచేకొద్దీ సంఘంలోనే రెండు రకాల సహోదరులు తయారయ్యారు. ధనికులు పాలించేవారు, పేదలు దానం పుచ్చుకునేవారు. పేరు మాత్రం అందరికీ సహోదరులే. అందమైన ఇల్లు కట్టుకున్నంత మాత్రాన లోపల ఉన్నవారు సహోదరులైపోరని ఆ భవనం నాలుగు వందల ఏళ్లకు పైగా చెబుతూనే ఉంది.

అజరయ్య గారి ఆలయాన్ని ఈ వెలుగులో చూడాలి. మన ప్రాంతాల్లో మిషనరీలు కట్టినవి ఎక్కువగా ఇంగ్లండు పద్ధతి ఆలయాలు. సూదిగా ముగిసే కమానులు, ఎత్తయిన గంటగోపురం, రంగు అద్దాల కిటికీలు. అదే నైజాం రాజ్యంలో, మెదక్‌లో, వెస్లియన్ మిషనరీ చార్లెస్ పోస్నెట్ గారు కట్టించి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన కథీడ్రల్ అందులో మకుటం. కరువు రోజుల్లో వేలాదిమందికి పని, తిండి ఇచ్చిన కట్టడం అది. దానిని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కానీ అజరయ్య గారి దారి వేరు. క్రీస్తు తెలుగు దేశానికి అతిథిగా వచ్చి వెళ్లిపోయే దొర కాడని, ఇక్కడి ఇంట్లో పుట్టినవాడని చూపే ఆలయం ఆయనకు కావాలి.

అందుకే డోర్నకల్ కథీడ్రల్‌ను దూరం నుండి చూస్తే ముందు గుమ్మటాలు, మీనారులు కనబడతాయి. నైజాం రాజ్యంలో ప్రతి బాటసారికీ కళ్లకు అలవాటైన రూపాలవి. లోపలికి వెళ్తే రాతి స్తంభాల వరుసలు. దక్షిణాది దేవాలయాల మండపాల్లో మన తాతలు చూసిన పద్ధతి. అయితే మన తాతల్లో చాలామంది వాటిని బయటి నుండి మాత్రమే చూశారు. మండపంలో అడుగుపెట్టే హక్కు లేని మాల, మాదిగ కుటుంబాల పిల్లలు ఇక్కడ అవే స్తంభాల మధ్య కూర్చుని ప్రభువు బల్లలో చెయ్యి చాచారు. చెక్కడాల్లో తామరపువ్వు ఉంది, సిలువ ఉంది. తామర ఈ దేశం, సిలువ ఈ దేశానికి అందిన రక్షణ. మందిరపు అమరిక మాత్రం క్రైస్తవ ఆరాధనకు తగినదే. అందరి చూపూ బలిపీఠం వైపు సాగుతుంది. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్ప పద్ధతులు మూడూ ఒకే కప్పు కింద కలిసిన ఆలయాలు దేశంలో అరుదు.

దానికి పెట్టిన పేరు కూడా ఆలోచించి పెట్టినదే. ఎపిఫనీ కథీడ్రల్ అన్నారు. ఎపిఫనీ అంటే ప్రత్యక్షత పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన ప్రభువును చూడవచ్చిన సంగతిని ఆ రోజు తలచుకుంటాము. వారు యెరూషలేములో కొన్న కానుకలు తేలేదు. తమ దేశం నుండి తెచ్చినవి ఇచ్చారు. 1939 జనవరి 6న, ఆ పండుగనాడే ఆలయ ప్రతిష్ఠ జరిగింది. తెలుగు పల్లెలు తమ నేల రూపాలను, తమ పొలాల కానుకలను తెచ్చి ప్రభువు ముందు పెట్టిన రోజది. అంతకు కొన్ని రోజుల ముందే, 1938 డిసెంబరులో, ప్రపంచ దేశాల క్రైస్తవ నాయకులు మద్రాసు దగ్గర తాంబరంలో మహాసభ జరుపుకున్నారు. ఆ సభలోనూ అజరయ్య గారిది పెద్ద పాత్ర.

ఆయన బ్రతుకు పోరాటాలు లేకుండా సాగలేదు. 1930లలో గాంధీ గారితో తీవ్రమైన భేదం వచ్చింది. అంటరానివారు తెలియక మతం మారుతున్నారని, మిషన్లు వారిని ఆశపెడుతున్నాయని గాంధీ గారి అభిప్రాయం. ఈ మనుషులకూ మనసు ఉంది, ఆత్మ ఉంది, తమ దారి తాము ఎంచుకోగలరు అన్నది అజరయ్య గారి జవాబు. అదే సమయంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని ఆయన గట్టిగా చెప్పారు. సంఘం ఒక రాజకీయ కులంగా మారిపోతే సువార్త ఆగిపోతుందని భయపడ్డారు. ఇటు గాంధీ గారితోనూ, అటు కొందరు క్రైస్తవ నాయకులతోనూ పేచీ పెట్టుకున్న మనిషి ఆయన.

లోపాలూ లేకపోలేదు. ఆలయానికి మన దేశపు రూపం ఇచ్చినవారే ఆరాధన క్రమంలో ఇంగ్లండు ప్రార్థన పుస్తకాన్ని చాలావరకు అలాగే ఉంచారు. అధికారం విషయంలో కఠినంగా ఉండేవారు. అన్నిటికంటే ముఖ్యం, కులం ఆయన చేతుల్లో కూడా పూర్తిగా చావలేదు. ఒకే గిన్నెలో పాలుపొందాలి, ఒకే చోట కూర్చోవాలి అని ఆయన పట్టుబట్టారు. మాల క్రైస్తవుడు, మాదిగ క్రైస్తవుడు అన్న మాటలు సంఘంలో వినబడకూడదని ఊరూరా బోధించారు. కొన్ని ఊళ్లు విన్నాయి, కొన్ని ఊళ్లు ఆయన బండి ఊరు దాటేవరకు విన్నాయి.

సంఘాల ఐక్యత కోసం ఆయన పడిన తపన కూడా ఇక్కడి నుండే వచ్చింది. 1919లో తరంగంబాడిలో కొందరు భారతీయ గురువులు కూడి, పడమటి దేశాల పాత తగాదాలను మేమెందుకు మోయాలి అన్న ప్రశ్న లేవనెత్తారు. ఆ కూడికకు ముందు నిలిచినవారిలో అజరయ్య గారు ఒకరు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటి కావడానికి పాతికేళ్లకు పైగా చర్చలు సాగాయి. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన కన్నుమూశారు. తాను కట్టిన ఆలయం దగ్గరే సమాధి చేశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆయన చూడలేదు. మోషే నెబో కొండమీద నుండి చూసినట్టు దూరం నుండి చూసి వెళ్లిపోయారు.

మన పల్నాడు ఆయన అధ్యక్ష మండలం కాదు. మనకు సువార్త తెచ్చినవారు వేరే మిషన్లవారు. అయినా కృష్ణానది అవతలి ఒడ్డున జరిగిన ఈ పని మనకు పరాయిది కాదు.

మళ్లీ ఆ నలుగురు పెద్దల దగ్గరకు వస్తాము. గడువు దాటాక వారు తిరిగి వచ్చారు. మేము అనుకున్నది సూటిగా చెప్పాము. విజ్ఞప్తి వేస్తాము, కానీ రెండు పనులు జరిగాక. మొదటిది, ప్లాను చిన్నది చేసి, పునాది వరకైనా మీ యాభై ఇళ్ల కానుకలతో లేపండి. ఏడాది పట్టినా, మూడేళ్లు పట్టినా సరే. పిడికెడు బియ్యంతో మొదలుపెట్టండి. రెండోది, పునాది తవ్వకముందు అవతలి పల్లె ఆలయంలో ఒక ఆదివారం ఆరాధనకు వెళ్లండి. మీ పెద్దలు, వారి పెద్దలు కలిసి ప్రభువు బల్ల తీసుకోండి. తరువాత కూడా రెండో ఆలయం అవసరమే అనిపిస్తే అప్పుడు కట్టండి.

మొదటి మాటకు ముగ్గురు తల ఊపారు. రెండో మాటకు గదిలో చప్పుడు లేదు. ఒక పెద్దాయన లేచి, పాస్టరు గారూ, మీరు మాకు డబ్బు సంగతి చెప్పమంటే ఊరి సంగతి చెబుతున్నారు అని బయటకు నడిచారు. ఇద్దరు ఆయన వెంట వెళ్లారు. నాలుగో ఆయన, వయసులో చిన్నవారు, రసీదు పుస్తకం మా బల్లమీద పెట్టి, అవతలి పల్లె పాస్టరు గారి ఫోను నంబరు అడిగి రాసుకుని వెళ్లారు. ఆయన ఫోను చేశారో లేదో ఇది రాసేనాటికి మాకు తెలియదు. రసీదు పుస్తకం మా దగ్గరే ఉంది.

మేము చేసినది సరైనదో కాదో పాఠకులు రాయవచ్చు. మాకు కోపం రాదు. అయితే రాసేముందు ఒక్కసారి వీలైతే డోర్నకల్ వెళ్లి రండి. గుంటూరు నుండి విజయవాడ మీదుగా రైలు ప్రయాణం. ఆ స్తంభాల మధ్య కాసేపు కూర్చోండి. ఏ దాత పేరు ఎక్కడుందో వెతకకండి. ఇరవై ఆరేళ్లు ఆగిన కాపరిని, పేర్లు ఎవరూ రాసిపెట్టని ఇల్లాళ్ల బియ్యపు కుండలను తలచుకోండి. మీ ఊళ్లో మీరు వెళ్లని ఆలయం ఒకటి ఉంటే, దాని గంట ఎన్ని గంటలకు మోగుతుందో మీకు గుర్తుందేమో ఆలోచించండి.

ప్రభువు కృప మీ అందరికి తోడైయుండును గాక. ఆమేన్.